లేజర్ పడవల ప్రపంచ పోటీల పాత ఫలితాలు, ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా మేనకోడలు లేజర్ తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది. తనకీ, తనతోటి పిల్లలకీ ఆ పడవ ప్రపంచ చాంపియన్‌షిప్ చరిత్రను తెలుగులో రాసివ్వాలని నా కోరిక.

మొదటి భాగం వరకు వివరాలు బాగానే దొరికాయి. 1969లో కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ, మిత్రుడు ఇయాన్ బ్రూస్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ గీసిన బొమ్మ నుంచి పుట్టిందీ పడవ. కారు పైన కట్టుకుని తీసుకెళ్ళగలగాలి, అదీ ఆలోచన. పొడవు 4.23 మీటర్లు, ఒక్కటే తెరచాప, నడిపేది ఒక్కరే. రెండు ముక్కల మాస్ట్‌ను (తెరచాపను నిలబెట్టే స్తంభాన్ని) కలిపి, తెరచాప అంచున కుట్టిన తొడుగులోకి దూర్చేస్తే సగం పని అయిపోయినట్టే. అందరి పడవలూ ఒకేలా ఉండాలన్నది నియమం. అందుకే డబ్బున్నవాడికంటే గాలి తీరు కనిపెట్టగలిగినవాడిదే పైచేయి. నాకు బాగా నచ్చేది ఇదే.

తొలి ప్రపంచ పోటీ 1974లో బెర్ముడాలో జరిగింది, అమెరికాకు చెందిన పీటర్ కామెట్ గెలిచాడు. 1996లో ఈ పడవ ఒలింపిక్స్‌కి వెళ్ళింది. స్వర్ణం బ్రెజిల్ ఆటగాడు రాబర్ట్ షైట్‌ది. ఇదే పడవలో చిన్న తెరచాప ఉండే రకం రేడియల్, అది 2008 ఒలింపిక్స్‌లో మహిళలకు వచ్చింది. మన చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించింది ఆ విభాగంలోనే.

నాకు కావలసింది మధ్యలోని కథ. 1970లు, 80లలో ఈ ప్రపంచ పోటీలకు మన దేశం నుంచి ఎవరెవరు వెళ్ళారు? తొలి రేసుల ఫలితాలను బట్టి పడవలను గోల్డ్, సిల్వర్ గ్రూపులుగా విడదీయడం ఎప్పుడు మొదలైంది? నేవీలో పనిచేసి రిటైరైన పెద్దలు, హుస్సేన్ సాగర్‌లో లేజర్ నడిపినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. పాత ఫలితాల కాగితం ఫొటో తీసి పెట్టినా చాలు.