ప్యాసివ్ వాయిస్‌లో బి ఫామ్, వి3 రెండూ పెట్టినా వాక్యం తప్పెందుకు అవుతోంది?

ప్రశ్న:
'షి ఈజ్ రైటింగ్ ఎ లెటర్'ని ప్యాసివ్‌లోకి మార్చి 'ఎ లెటర్ ఈజ్ రిటెన్ బై హర్' అని రాస్తే తప్పన్నారు. 'యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్' కూడా తప్పేనట. రెండింట్లోనూ బి ఫామ్ (ఈజ్, వాజ్ లాంటివి), వి3 (రిటెన్ లాంటి క్రియ మూడో రూపం) ఉన్నాయి కదా, తేడా ఎక్కడ కొట్టింది? చివర 'బై' తప్పనిసరా?

జవాబు 1:
వి3 ఎక్కడా మారదండి, టెన్స్ మోసేది దాని ముందున్న బి. యాక్టివ్‌లో మెయిన్ వెర్బ్ ఏ రూపంలో ఉందో చూసి, బి-ని అదే రూపంలోకి మార్చి, పక్కన వి3 పెట్టండి. 'ఈజ్ రైటింగ్'లో రైట్‌కి ఐఎన్‌జీ ఉంది, కాబట్టి బి కాస్తా బీయింగ్ అవుతుంది: 'ఎ లెటర్ ఈజ్ బీయింగ్ రిటెన్'. 'హాజ్ రిటెన్'లో ఉన్నది వి3, బి-కి వి3 బీన్: 'హాజ్ బీన్ రిటెన్'. 'విల్ రైట్' అయితే 'విల్ బి రిటెన్'. 'రోట్' అయితే 'వాజ్ రిటెన్'. మీరు రాసిన 'ఈజ్ రిటెన్' అనేది 'రైట్స్'కి జోడీ.

ఈజ్, ఆర్ ఎంచుకునేది కొత్త సబ్జెక్టును బట్టి. 'లెటర్స్' ముందుకొస్తే 'ఆర్ బీయింగ్ రిటెన్'. ఇదే పద్ధతిలో 'హాజ్ బీన్ రైటింగ్'ని లాగితే 'హాజ్ బీన్ బీయింగ్ రిటెన్' వస్తుంది గానీ, వాడుకలో అది దాదాపు కనబడదు.

జవాబు 2:
హ్యాపెన్‌కి ఆబ్జెక్ట్ ఉండదు. ముందుకు తేవడానికి ఆబ్జెక్టే లేనప్పుడు ప్యాసివ్ పుట్టదు. డై, అరైవ్, అకర్, డిసపియర్ కూడా అంతే. 'యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్' చాలు.

మన వాళ్లకు పనికొచ్చే గుర్తు ఒకటుంది. 'గ్లాసు పగలగొట్టారు' అంటే చేసినవాళ్లు ఉన్నారు, ఎవరో చెప్పలేదంతే: 'ది గ్లాస్ వాజ్ బ్రోకెన్'. 'గ్లాసు పగిలింది' అంటే చేసినవాళ్ల ఊసే లేదు: 'ది గ్లాస్ బ్రోక్'. అలాగే 'తలుపు తెరిచారు'కి 'వాజ్ ఓపెన్డ్', 'తలుపు తెరుచుకుంది'కి 'ఓపెన్డ్'. కర్త చెప్పకుండా 'కట్టారు', 'పంపారు' అని తెలుగులో అనే చోటే ఇంగ్లిష్‌లో ప్యాసివ్ సహజంగా కుదురుతుంది. 'కట్టబడింది' అని తెలుగులో ఆలోచించి మార్చనక్కర్లేదు.

జవాబు 3:
'బై' తప్పనిసరి కాదు. 'సమ్‌బడీ', 'పీపుల్', 'దే' లాంటివి సబ్జెక్టుగా ఉంటే వదిలేయడమే మేలు. 'ది థీఫ్ వాజ్ అరెస్టెడ్' అన్నాక 'బై ది పోలీస్' దండగ.

ప్రిపోజిషన్‌ని మాత్రం మింగేయకండి. 'దే లాఫ్డ్ ఎట్ హిమ్'కి 'హీ వాజ్ లాఫ్డ్ ఎట్' అని రాయాలి, బై కూడా కావాలంటే 'లాఫ్డ్ ఎట్ బై దెమ్'. రెండు ప్రిపోజిషన్లు పక్కపక్కన పడ్డాయని చాలామంది 'ఎట్' కొట్టేస్తారు, అక్కడే మార్కు పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండి. మరి 'ది డోర్ ఈజ్ క్లోజ్డ్' అంటే మూసి ఉందనా, మూస్తారనా?

జవాబు 2:
రెండూ వస్తాయి. 'ఎట్ నైన్ ఎవ్రీ నైట్' తగిలిస్తే మూస్తారని. ఏమీ తగిలించకపోతే మూసి ఉందనే అర్థమవుతుంది, అప్పుడు క్లోజ్డ్ విశేషణమే. ఇప్పుడే మూస్తున్నారని చెప్పాలంటే 'ఈజ్ బీయింగ్ క్లోజ్డ్'.