మీటింగులో అనుకోని ప్రశ్న పడితే అక్కడికక్కడే జవాబా, "కనుక్కుని చెప్తా"నా?

బెల్లందూరు బాటసారి: నిన్న రాత్రి అమెరికా క్లయింట్‌తో కాల్. డెమో మధ్యలో వాళ్ల కొత్త డైరెక్టర్ "ఇప్పుడు అప్‌టైమ్ 99.9 ఇస్తున్నారు, 99.99 ఇవ్వగలరా?" అనడిగాడు. అంటే సిస్టమ్ ఆగకుండా నడిచే సమయం, శాతంలో. ఎజెండాలో లేని ప్రశ్న. నేను "లెక్క చూసి రేపు చెప్తాను" అన్నా. నా మాట పూర్తి కాకముందే మా మేనేజర్ "ఈ క్వార్టర్‌లోనే ఇచ్చేస్తాం" అనేశాడు. కాల్ అయ్యాక "క్లయింట్ ముందు నీళ్లు నమలకూడదు" అని నాకు క్లాసు. ఎవరు కరెక్టు?

వైట్‌ఫీల్డ్ పాతకాపు: మీ మేనేజరే. క్లయింట్‌కి కావాల్సింది అంకె కాదప్పా, ఎదుటోడికి సరుకుందా లేదా అని చూస్తాడు. తెలియకపోయినా దారులున్నాయి. ప్రశ్నని నీ మాటల్లో మళ్లీ చెప్పు, ఆలోచించుకోడానికి పది సెకన్లు దొరుకుతాయి. "మీకు లాగిన్ ముఖ్యమా, పేమెంట్ ముఖ్యమా?" అని ఎదురడుగు, సగం జవాబు వాడే చెప్తాడు. అవధానం పుట్టించిన జాతి మనది! మధ్యలో సంబంధం లేని ప్రశ్నలేసే అప్రస్తుత ప్రసంగి ఏం అడిగినా అవధాని "రేపు మెయిల్ చేస్తా" అంటాడా?

మ్యూట్ మహర్షి: నేను నెట్ పోయినట్టు నటిస్తా. ఇప్పటిదాకా పనిచేస్తోంది.

రాత్రిపాళీ: ఆ అంకెలేంటో ఎవరైనా చూశారా? 99.9 అంటే నెలకి 43 నిమిషాలు సిస్టమ్ పడిపోయినా పర్లేదు. 99.99 అంటే 4 నిమిషాల చిల్లర. మా టీమ్‌లో రాత్రి రెండింటికి ఫోన్ మోగి, లేచి, లాప్‌టాప్ తెరిచి, వీపీఎన్ కనెక్టయ్యేసరికే ఐదు నిమిషాలు. అంటే మనిషి లేచే లోపే నెల కోటా ఖతం. మనిషి చెయ్యి పడకుండా దానంతటదే కోలుకోవాలి, దానికి ఇంకో చోట ఇంకో సెటప్ నడపాలి. ఆ ఖర్చు ఎవడిస్తాడు?

పద్యాల పిచ్చి: పాతకాపు గారూ, అష్టావధానంలో సమస్యాపూరణకైనా, ఇచ్చిన పదాలతో కట్టే దత్తపదికైనా పద్యం మొత్తం ఒక్కసారే చెప్పరండీ. ఆవృత్తికో పాదం, అంటే చుట్టుకో పాదం, నాలుగు ఆవృత్తులు. ఈలోగా ప్రశ్నలడిగే మిగతా పృచ్ఛకులందర్నీ చుట్టి వస్తారు. అప్రస్తుత ప్రసంగికి చెప్పేది చమత్కారం, దాన్ని పట్టుకుని రేపు ఎవరూ నిలదీయరు. మీ ఉదాహరణ మీకే ఎదురు.

వైట్‌ఫీల్డ్ పాతకాపు: నిషిద్ధాక్షరి సంగతేంటి మరి? అక్షరం అక్షరానికీ అడ్డం పడుతుంటే అక్కడే మార్చుకుంటూ పోవాల!

పద్యాల పిచ్చి: పోతారు. తన పద్యమే కాబట్టి తనే కట్టుకుంటారు. ఇంకొకరి శనివారాలు తాకట్టు పెట్టరు.

ఓఆర్‌ఆర్ ఒంటరి: పది దాకా తెలుగు మీడియం నేను. జవాబు తెలుగులో టక్కున వస్తుంది. దాన్ని ఇంగ్లీషులో సర్దుకునేలోపు పక్కవాడు అదే మాట చెప్పి "గ్రేట్ పాయింట్" కొట్టేస్తాడు. అప్రైజల్‌లో నాకు "మీటింగుల్లో చొరవ లేదు" అని రాశారు. ఆ మాడ్యూల్ మొత్తం రాసింది నేనే.

వైట్‌ఫీల్డ్ పాతకాపు: అప్రైజల్ ఏడుపులకి వేరే థ్రెడ్ ఉందమ్మా.

ఓఆర్‌ఆర్ ఒంటరి: అమ్మా గిమ్మా వద్దు. గట్టిగా మాట్లాడినోడికి ప్రమోషన్, చేసినోళ్లకి ఏడుపని పేరు. టాపిక్ ఇదే.

వైట్‌ఫీల్డ్ పాతకాపు: సరే, చెప్తా వినండి. అనంతపురం నుంచి బస్సులో బెంగళూరు మెజెస్టిక్‌లో దిగినోణ్ణి, నాకెవరూ ఇంగ్లీషు నేర్పలా. ఒక పెద్ద కాల్‌లో మీ అందరిలాగే నిజాయితీగా "కనుక్కుని చెప్తా" అన్నా. మర్నాడు పొద్దున్నే మెయిల్ పెట్టా కూడా. అప్పటికే పని వేరే వెండర్‌కి పోయింది. నా టీమ్ మొత్తం ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చుంది, ఇద్దరికి ఉద్యోగాలే పోయినాయి. అందులో ఒకడికి అప్పుడే ఇంటి లోన్ మొదలైంది. అప్పటి నుంచి నా నోట ఆ మాట రాలేదు, రాదు. జవాబు చెప్పేది గొప్ప కోసమనుకుంటున్నారు మీరు.

రాత్రిపాళీ: అన్నా, అది నిజంగా బాధే. కానీ మీరు "ఇస్తాం" అన్న ప్రతిసారీ లేచి కూర్చుందెవరు? మా పాప పుట్టినరోజు నాడు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో, క్యాబ్ వెనక సీట్లో, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని సర్వర్ లేపా. ఎవడో కాల్‌లో "రెండు గంటల్లో అయిపోద్ది" అన్నందుకు. ఎంత త్వరగా చెప్పారన్నది కాదు నా గొడవ. చెప్పేది ఒకరు, మోసేది ఇంకొకరు.

వైట్‌ఫీల్డ్ పాతకాపు: మోయడానికి ప్రాజెక్టంటూ ఉండాలి కదా ముందు.

పద్యాల పిచ్చి: "ఇవ్వగలం, ఎంతవుతుందో శుక్రవారం చెప్తాం" అంటే ప్రాజెక్టు పోతుందా?

వైట్‌ఫీల్డ్ పాతకాపు: ఆ డైరెక్టర్ మొహం చూడకుండా చెప్పలేను.

బెల్లందూరు బాటసారి: ఇప్పుడే ఆ కాల్ మినిట్స్ మెయిల్‌లో వచ్చాయి, మేనేజరే పంపాడు. "99.99కి అంగీకరించాం" అని ఉంది. బాధ్యులు అన్న చోట నా పేరు.

రాత్రిపాళీ: ఇప్పుడే రిప్లై ఆల్ కొట్టు తమ్ముడూ. ఏ సర్వీసుకి, ఎంత ఖర్చు, రాత్రిళ్లు ఎవరు చూస్తారు, మూడూ అడుగు. రేపటికి వదిలేస్తే ఒప్పుకున్నట్టే.

వైట్‌ఫీల్డ్ పాతకాపు: క్లయింట్ ఉన్న మెయిల్‌లో రిప్లై ఆల్ వద్దప్పా, ముందు మేనేజర్‌కి ఫోన్ చెయ్. నీ పేరు రాయడం మాత్రం తప్పే. తన పేరు రాసుకోవాల.

మ్యూట్ మహర్షి: మేనేజర్ నెట్ పోయుంటుంది.