బల్ల అంచు దాటిన గోళీ లెక్క కన్నా దగ్గరే ఎందుకు పడుతోంది?

ఫిజిక్స్ తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. 80 సెం.మీ. ఎత్తున్న బల్ల మీద వాలు పట్టా పెట్టి, ఉక్కు గోళీని నిశ్చల స్థితి నుంచి వదులుతున్నాను. అది 20 సెం.మీ. కిందికి దిగి, అంచు దగ్గర సరిగ్గా క్షితిజ సమాంతరంగా బయటికి వెళ్తుంది. నేల మీద తెల్ల కాగితం, దాని మీద కార్బన్ పేపర్ పరిచాను, పడ్డచోట చిన్న నల్లచుక్క పడుతుంది. అంచుకు నేరుగా కింద ఉండే బిందువును గుండుదారంతో గుర్తించి, అక్కణ్నుంచి కొలుస్తున్నాను.

కింద పడే సమయం తొలి వేగం మీద ఆధారపడదు కాబట్టి దాదాపు 0.4 సెకను. స్థితిజశక్తి మొత్తం ముందుకెళ్లే గతిజశక్తిగా మారితే వేగం 1.98 మీ/సె, దూరం 80 సెం.మీ. రావాలి. గోళీ దొర్లుతుంది కదా, భ్రమణానికి పోయే వాటా తీసేస్తే వేగం 1.67, దూరం 67.6. కానీ చుక్కలన్నీ 62 దగ్గరే గుంపుగా పడుతున్నాయి! చెదిరిపోతే కొలత లోపం అనుకునేదాన్ని.

గాలి నిరోధం ఇంత తేడా తేలేదనుకుంటా. నా అనుమానం పట్టా మీదే. అందులో 10 మి.మీ. వెడల్పు గాడి ఉంది, 16 మి.మీ. వ్యాసమున్న గోళీ దాని రెండు అంచుల మీదే ఆనుతుంది, అడుగు తగలదు. అప్పుడు దొర్లే వ్యాసార్థం 8 కాకుండా దాదాపు 6.2 మి.మీ. అని తీసుకోవాలా? అలా చేస్తే భ్రమణ వాటా ఎలా మారుతుందో అంచెలంచెలుగా చెప్పగలరా?