బాపు నీళ్ల గోళీ బంద్ పెట్టిండు, ఏం జెయ్యాలె?

అడిగినవారు: పరకాల పిల్ల
మా బాపుకు 64 ఏండ్లు. గుండె బలహీనమైంది, ఎకో (గుండె స్కానింగ్)ల ఈఎఫ్, అంటే గుండె ఒక్కో కొట్టుకు బయటికి పంపే రక్తం, 30 శాతమే వచ్చింది. సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, మెటోప్రొలాల్, స్పైరనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్, పైన నీళ్ల గోళీ ఫ్యూరోసెమైడ్ ఇచ్చిండ్రు. వాపు దిగంగనే "హన్మకొండ బస్సుల ఒంటికి ఎక్కడ దిగాలె?" అని ఫ్యూరోసెమైడ్ ఆపిండు. షుగర్ లేదు గదా, షుగర్ గోళీ డాపా (డాపాగ్లిఫ్లోజిన్) ఎందుకని ఇంకో లొల్లి.

జవాబు: కాజీపేట కోడలు
మా అత్తమ్మది గిదే కథ, నాలుగేండ్లాయె. ఫ్యూరోసెమైడ్ ఒంట్ల నీరు తీస్తది, ఆయాసం తగ్గుతది. ఆయుష్షు పెంచేటియి మాత్రం మిగతా నాలుగు. మంచిగైందని వాటిని ఆపొద్దు. డాపా షుగర్ లేనోళ్లకు సుత పనిచేస్తదని 2019ల గుండె బలహీనమైన రోగుల మీద చేసిన డాపా-హెచ్‌ఎఫ్ అనే మందు పరీక్షల తేలింది.

ప్రయాణం రోజు నీళ్ల గోళీ ఇంటికొచ్చినంక వేసుకోవచ్చా అని డాక్టర్‌నే అడుగుండ్రి. మాకైతే ఒప్పుకున్నడు.

పొద్దున చాయ్ తాగకముందే బరువు చూసి క్యాలెండర్ మీద రాస్తం. మూడు రోజులల్ల రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యమన్నరు. ఓసారి మోకాళ్ల నొప్పికి మందుల షాపుల డైక్లోఫెనాక్ ఇచ్చిండ్రు. నాలుగో రోజుకు మెట్టెలు వేలికి బిగుసుకపోయినయ్, సబ్బు రాసి తీసినం. గా గోళీలు నీళ్లను ఒంట్లనే ఆపుతయంట.

జవాబు: నర్సంపేట
ఉప్పు తక్కువ తినాలని సోడియం తక్కువున్న ఉప్పు కొనకుండ్రి. అండ్ల పొటాషియం ఉంటది, స్పైరనోలాక్టోన్ సుత పొటాషియం పెంచుతది, రెండు కలిస్తే రక్తంల అది మరీ ఎక్కువై గుండెకు ముప్పు. రక్తపరీక్ష తప్పించొద్దు.

పరకాల పిల్ల
గా ఉప్పు ప్యాకెట్ మొన్ననే కొన్నం! బాపు మామిడి తొక్కు డబ్బా సుత దాచిపెట్టిన.