అలక, కోపం ఒకటేనా? ఏడాది పాటు ప్రేమ నవలలు చదివాక వచ్చిన సందేహం

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఎక్కువగా చదివి వెళ్ళిపోయే రకం, ఎప్పుడో గానీ రాయను. ఈసారి ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

పోయిన ఏడాదంతా నేను చదివింది ప్రేమ నవలలే. ఇంగ్లీషువి ఎక్కువ, తెలుగువి కొన్ని. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్ళు, వీటన్నిటి మధ్య ఎప్పుడు చదివావమ్మా అంటారేమో, చిన్నది నా ఎడమ చెయ్యి మీద తల పెట్టుకుని నిద్రపోయాక, చెయ్యి తిమ్మిరెక్కిపోతున్నా లాక్కుంటే ఎక్కడ లేస్తుందో అని అలాగే ఉంచేసి, స్క్రీన్ వెలుతురు అట్టడుగుకి తగ్గించి, కుడి చేతి బొటనవేలితో పేజీలు జరుపుకుంటూ చదివాను. మా ఆయన అటు తిరిగి పడుకునే "ఈసారి ఎవరు అలిగారు?" అని అడిగేవారు. మొదట్లో వెటకారమే. ఆర్నెల్లు గడిచేసరికి నిజంగానే కథ కావాలి ఆయనకి.

ఆయన అన్నది "ఎవరికి కోపం వచ్చింది" అని కాదు. "ఎవరు అలిగారు" అని.

ఈ నవలల అలవాటు లేనివాళ్ళకి ఒక్క ముక్క. ఇంచుమించు ప్రతి కథలోనూ ముప్పాతిక దాటాక ఇద్దరికీ చెడుతుంది. దాన్ని 'థర్డ్ యాక్ట్ బ్రేకప్' అంటారు. తప్పు చేసినవాడు (ఎక్కువగా వాడే) తిరిగొచ్చి కిందా మీదా పడి బతిమాలే ఘట్టం పేరు 'గ్రోవెల్'. అది సరిగ్గా పండకపోతే పాఠకులు రచయితని క్షమించరు, నాతో సహా. ఒకరోజు ఆదివారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ మా అత్తగారికి అలాంటి కథొకటి చెప్తున్నాను. వాడు అబద్ధం ఆడాడని తెలిసి ఆ అమ్మాయికి కోపం వచ్చి ఊరొదిలి వెళ్ళిపోయింది అత్తయ్యా అన్నాను.

"కోపమా, అలకా?"

"రెండూ ఒకటే కదా."

"ఫోన్ నంబరు మార్చేసిందా వెళ్ళేటప్పుడు?"

"లేదు."

"అయితే అలకే," అని ఆవిడ తువ్వాలు దులిపి మడత పెట్టేశారు.

అప్పట్నుంచీ ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. నాకు తోచినవి చెప్తాను, తప్పుంటే దిద్దండి.

మొదటిది వ్యాకరణంలోనే ఉంది. కోపం 'వస్తుంది'. నాకు కోపం వచ్చింది అంటాం, జ్వరం వచ్చినట్టూ నిద్ర వచ్చినట్టూ, అందులో మన ప్రమేయం లేనట్టు. అలక అలా రాదు. "నాకు అలక వచ్చింది" అని ఎవరైనా అంటే తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నారేమో అనుకుంటాం. నేను అలిగాను. కర్తని నేనే, చేసిన పని అది. అలకబూనడం అనే మాట కూడా ఉంది కదా, వ్రతం పూనినట్టు! టికెట్ దక్కని నాయకుల గురించి పేపర్లలో "అలకబూనారు" అనే రాస్తారు, ఆ పక్కనే "బుజ్జగింపులు మొదలు" అని ఇంకో శీర్షిక. అలక ఉన్నచోట బుజ్జగింపు ఉండాల్సిందే, లేకపోతే వార్త పూర్తి కాదు.

రెండోది ఆ పని ముగిసే తీరు. కోపం తగ్గుతుంది, చల్లారుతుంది. అంటే అది వేడి. అలక మాత్రం 'తీరుతుంది', దాహం తీరినట్టు, బాకీ తీరినట్టు. ఎవరో ఒకరు తీర్చాలి. కోపం కూడా తీరుతుంది కదా అనొచ్చు మీరు, నిజమే, కానీ అది అవతలివాణ్ణి నాలుగు తిట్టాక మనంతట మనం తీర్చుకునేది. అలక మనంతట మనం తీర్చుకోలేం.

మూడోది, అసలు ఎవరి మీద అలగొచ్చు? ముక్కూమొహం తెలియనివాడు క్యూలో మన ముందు దూరితే కోపం వస్తుంది, అలగం. అలిగామన్న సంగతి వాడికి పట్టదు కాబట్టి. మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు. మొన్న చెల్లెల్ని వెనకేసుకొచ్చానని గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ధడేల్మని వేసింది గానీ గడియ పెట్టలేదు. కాసేపయ్యాక తోసి చూస్తే మంచం వెనకాల దాక్కుని ఉంది, ఒక పాదం మాత్రం బయటికి, వేళ్ళు కదుపుతూ. నేను చూడనట్టు వెనక్కి తిరిగితే ఆ పాదం ఇంకాస్త బయటికొచ్చింది.

ఇంగ్లీషు నవలల్లో దీనికి 'సల్క్' అని వాడతారు. ఆ మాటలో చిన్నచూపు ఉంది, వయసొచ్చినవాళ్ళు చేయకూడని పిల్లచేష్ట అన్నట్టు. మన అలకలో ఆ చిన్నచూపు నాకు కనపడదు. నీ మీద నాకు హక్కుంది అని చెప్పే పద్ధతి అది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే పద్యం దగ్గర. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో కృష్ణరాయబారం పద్యం తెలియనివాళ్ళు ఉండరు: "అలుగుటయే యెఱుంగని మహామహితాత్ముఁ డజాతశత్రుఁడే యలిగిననాఁడు సాగరము లన్నియు నేకము గాక పోవు". మా నాన్నగారు రాగం తీస్తుంటే మా పెద్దది "ధర్మరాజు మూతి ముడుచుకుని కూర్చున్నాడా తాతా?" అని అడిగింది. నవ్వేం గానీ ప్రశ్న తప్పేం కాదు. అక్కడ అలగడం అంటే సముద్రాలన్నీ ఏకమయ్యేంత కోపం. పాత కావ్యాల్లోనూ యుద్ధంలో వీరులు అలిగి బాణాలేస్తారు, మూతులు ముడవరు. అంటే ఒకప్పుడు అలుక అంటే మామూలు కోపమే. సంస్కృతం నుంచి వచ్చిన కోపం, క్రోధం ఆ బరువంతా మోసుకుపోతే మన అచ్చతెలుగు మాట ఇంట్లోకి, పడగ్గదిలోకి, పిల్లల దగ్గరకి సర్దుకుందా? ఇదీ నా సందేహం. "తన కోపమె తన శత్రువు" అన్నారు. అక్కడ కోపం తీసి అలక పెట్టి చూడండి, ఛందస్సు సంగతి తర్వాత, అర్థమే కుదరదు.

చేర్పు 1: ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఒకాయన అలుగు అంటే చెరువు నిండి నీళ్ళు పొర్లే చోటు కూడా కదా అన్నారు. అవును, బాణం మొన కూడా, పొలుసులుండే ఒక జంతువు కూడా. అవన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయా, పలకడం ఒకటైన వేరు వేరు మాటలా అన్నది నేను తేల్చలేను. నిండి పొర్లడం అన్న భావం అలకకి సరిపోతోందని మురిసిపోవచ్చు గానీ, బాగుందని నమ్మేస్తే ఈ గ్రూపులో నన్ను ఉండనివ్వరు. నాకు తెలిసిందల్లా నడుచు నుంచి నడక, మునుగు నుంచి మునక వచ్చినట్టే అలుగు నుంచి అలుక అని. సంస్కృతంలో అలక అంటే ముంగురులు, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

చేర్పు 2: తిమ్మన పద్యం గుర్తుచేసినవారికి వెయ్యి దణ్ణాలు. అసలు దాంతోనే మొదలుపెట్టాల్సింది నేను. ఆయన కావ్యం పారిజాతాపహరణం, కృష్ణదేవరాయల కాలం నాటిది. నారదుడిచ్చిన పువ్వు రుక్మిణికి ఇచ్చాడని సత్యభామ అలిగింది, కృష్ణుడు వచ్చి కాళ్ళ మీద వాలితే ఆవిడ ఎడమ కాలితో తోసింది. కవి ఆవిణ్ణి తప్పుపట్టడు. నాథులు నేరాలు చేస్తే 'పేరలుక', అంటే పెద్ద అలక, పట్టిన ఆడవాళ్ళకి ఉచితం అనుచితం ఏం తెలుస్తుంది, అంతే మరి, అని ఆవిడ పక్షానే మాట్లాడతాడు. ఆ తర్వాత కృష్ణుడి మాట:

నను భవదీయదాసుని మనంబున నెయ్యపుఁ గిన్కఁ బూని తా
చినయది నాకు మన్ననయ, చెల్వగు నీ పదపల్లవంబు మ
త్తనుపులకాగ్రకంటకవితానము తాఁకిన నొచ్చు నంచు నే
ననియెద, నల్క మానవుగదా యిఁకనైన నరాళకుంతలా!

నువ్వు తన్నడం నాకు గౌరవమే, నీ కాలు తగలగానే నా ఒళ్ళు పులకరించి నిక్కపొడిచిన రోమాలు ముళ్ళలా నీ చిగురు పాదానికి గుచ్చుకుని ఉంటాయేమో అని నా బాధ, ఇకనైనా అలక మానవా అంటున్నాడు. ఏడాది పొడవునా చదివిన గ్రోవెల్ ఘట్టాల్లో దీనికి దగ్గరగా వచ్చింది ఒక్కటీ లేదండీ. నా ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. 'నెయ్యపుఁ గిన్క'. నెయ్యం అంటే స్నేహం, కినుక అంటే కోపం, స్నేహంతో కూడిన కోపం. దాన్నే రెండు పాదాలు దాటాక 'అల్క' అంటున్నాడు. అంటే పదహారో శతాబ్దానికే అలకకి ఈ ఇంటి అర్థం ఉంది. రాయబారం పద్యం అంతకు నాలుగొందల ఏళ్ళ తర్వాతది, అందులో పాత అర్థం. కాబట్టి అలక మెల్లగా కోపం నుంచి చిన్నబోయిందన్న నా ఊహ అంత తిన్నగా నడవదు. రెండు అర్థాలూ చాలాకాలం పక్కపక్కనే ఉన్నాయి, మనకి మిగిలింది ఒకటి.

చేర్పు 3: అలంకారశాస్త్రంలో దీన్ని 'మానం' అంటారని ఇద్దరు రాశారు. వాళ్ళు చెప్పిన సాహిత్యదర్పణం అనే సంస్కృత గ్రంథంలో శ్లోకాలు చూశాక నిన్న రాత్రి నవల పక్కన పెట్టేశాను. మానం పోగొట్టడానికి ఆరు ఉపాయాలట: సామం, భేదం, దానం, నతి, ఉపేక్ష, రసాంతరం. తీపి మాటలు సామం. ఆవిడ స్నేహితురాళ్ళని తనవైపు తిప్పుకోవడం భేదం, ఇది ప్రతి నవలలోనూ ఉంది, హీరో ముందు వెళ్ళేది హీరోయిన్ ప్రాణస్నేహితురాలి దగ్గరికే. దానం సరే, కృష్ణుడైతే ఒక్క పువ్వు గొడవకి ఏకంగా చెట్టే తెస్తానన్నాడు. నతి కాళ్ళ మీద పడటం. ఇవేవీ పనిచేయకపోతే పట్టించుకోకుండా ఊరుకోవడం ఉపేక్ష. నవలల్లో ఈ ఉపాయం వాడిన హీరో నాకు ఎప్పుడూ నచ్చలేదు గానీ తొమ్మిదేళ్ళవాళ్ళ మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆ పాదం చూశారుగా. ఇక రసాంతరం, హఠాత్తుగా భయమో సంతోషమో కలిగి అలక మర్చిపోవడం. తుఫానులు, యాక్సిడెంట్లు, ఆస్పత్రి సీన్లు అన్నీ ఈ ఖాతాలోవే. చాలామంది రచయితలు నతి రాయడం చేతకాక దీంట్లోకి దూకేస్తారని నా అభిప్రాయం.

ఇందులో లేనిది గమనించారా? శత్రువు మీద సామ దాన భేద దండోపాయాలు అంటాం. ఇక్కడ సామం, దానం, భేదం మూడూ ఉన్నాయి, దండం లేదు. దాని చోట నతి వచ్చి కూర్చుంది. తెలుగులో అయితే ఆ మాట మార్చే పని కూడా లేదు, దండించడం మానేసి దండం పెడితే చాలు.

గ్రోవెల్‌కి 'కాళ్ళబేరం' సరిపోదా అని అడిగారొకరు. నాకు ఒప్పుదల కాదు. కాళ్ళబేరం ఓడిపోయినవాడు ప్రాణభయంతో చేసేది, అందులో ప్రేమ లేదు, పైగా బేరం ఉంది. బతిమాలడం దగ్గరే గానీ పని కావాల్సినవాళ్ళు కూడా బతిమాలతారు. బుజ్జగించడం పిల్లలకి. సముదాయించడం ఇద్దరి మధ్య మూడోమనిషి చేసే పని. ఓదార్చడం ఏడుపుకి, అలకకి కాదు. నా ఓటు అనునయించడానికి. దాని వెనక 'నీ' ధాతువు ఉంది, నడిపించడం, తీసుకువెళ్ళడం అని అర్థం. చూస్తే నాయకుడూ నాయికా అక్కణ్ణుంచే, ప్రణయం అక్కణ్ణుంచే, అనునయం అక్కణ్ణుంచే, చివరికి పరిణయమూ అక్కణ్ణుంచే. నేను ఏడాదంతా చదివిన కథ ఒక్క ధాతువులో ఇమిడిపోయింది! కానీ అనునయించాడు అంటే మా అత్తగారు "ఏం చేశాడూ?" అంటారు. ఆవిడకి చెప్పేటప్పుడు "అలక తీర్చాడు" అనే అంటున్నాను.

చేర్పు 4 (ఇదే ఆఖరు, రేపు పిల్లలకి పరీక్షలు): మగవాళ్ళు అలగరా అని అడిగినవారికి. ఈర్ష్య వల్ల వచ్చే మానం ఆడవాళ్ళకే అంటుంది ఆ గ్రంథం, ప్రణయమానం మాత్రం ఇద్దరికీ ఉంటుందట. ప్రేమ నడకే వంకర కాబట్టి కారణం లేకుండా వచ్చే కోపం అని దానికి లక్షణం చెప్పారు. రాయలవారే రాణి మీద అలిగితే ఆ అలక తీర్చడానికే తిమ్మన ఈ కావ్యం రాశాడని ఒక కథ కూడా చెప్పుకుంటారు, నిజమో కాదో గానీ.

ఇదంతా టైప్ చేస్తుంటే మా ఆయన ఎప్పటిలాగే అటు తిరిగి "ఈసారి ఎవరు అలిగారు?" అన్నారు. నవల కాదండీ, గ్రూపులో చర్చ, వారం రోజులుగా కథ ఏమీ చదవట్లేదు అన్నాను. "అదే, నాకు చెప్పట్లేదుగా," అని దుప్పటి తల మీదికి లాక్కున్నారు. ఆరు ఉపాయాల్లో ఏది వాడాలో ఎవరైనా త్వరగా చెప్పండి.