‘స్ట్రెస్’ అంటే అన్ని చోట్లా ఒత్తిడేనా?

డిగ్రీ పిల్లల కోసం మైక్రోబయాలజీ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. మాది అమలాపురం. ఎక్కడ చూసినా ‘ఒత్తిడికి గురైన బాక్టీరియాలో జన్యు వ్యక్తీకరణ’ (అంటే జన్యువులు పనిలోకి దిగడం) అనే ఉంటోంది. ఒత్తిడి అనగానే పిల్లలకు పరీక్షల టెన్షన్, బీపీ గుర్తొస్తాయి. ఫిజిక్సు చదివినవాళ్లకు పీడనం గుర్తొస్తుంది.

మన డెల్టా రైతు పైరు గురించి ఇలా మాట్లాడడు. నీరందకపోతే బెట్ట అంటాడు, వరద నిలిస్తే ముంపు, నేలలో ఉప్పు పేరుకుంటే చౌడు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన వంగడాల్లో కొన్నింటిని ‘ముంపును తట్టుకునే రకం’ అనే చెబుతారు. వచ్చిన కష్టమేమిటో పేరులోనే ఉంది.

బాక్టీరియా కూడా ఏ కష్టానికి ఆ జన్యువులనే కదిలిస్తుంది. పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాకు వేడి తగిలితే సిగ్మా 32 అనే ప్రోటీన్, జన్యువులకు నకలు తీసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్‌తో జతకట్టి, చెడిన ప్రోటీన్లను చక్కదిద్దే జన్యువుల దగ్గరికి దాన్ని చేరుస్తుంది. ఆ సిగ్మా 32 తయారీకి కావలసిన ఎంఆర్ఎన్ఏ (జన్యువు నకలు) 30 డిగ్రీల దగ్గర మడతపడి ఉంటుంది, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌కు చోటివ్వదు. 42 డిగ్రీలకు ఆ మడత విడిపోతుంది. వేడిని కొలిచేది ఆ ఎంఆర్ఎన్ఏయే! ఇంత చక్కటి ఏర్పాటు ‘ఒత్తిడి’ అన్న మాటలో కనబడకుండా పోతోంది. అందుకే వేడిదెబ్బ, ఉప్పుదెబ్బ, పోషకాల ఎద్దడి అని విడివిడిగా రాద్దామంటాను.

జవాబు, భీమవరం నుంచి:
మాస్టారూ, నేను రొయ్యల చెరువుల ల్యాబ్‌లో పనిచేస్తానండి. ఉప్పుదెబ్బ అంటే మాకు చాలదు. ఎండలకు చెరువు నీటిలో సెలినిటీ, అంటే ఉప్పు శాతం, పెరుగుతుంది, పెద్ద వాన పడితే ఒక్కసారిగా పడిపోతుంది. ఉప్పు పెరిగితే విబ్రియో పారాహీమోలిటికస్ అనే బాక్టీరియా, ఎక్టోయిన్ అనే పదార్థాన్ని తయారుచేసే జన్యువులను నడిపి, ఒంట్లో నీరు బయటికి పోకుండా చూసుకుంటుంది. ఉప్పు పడిపోతే బాక్టీరియాకు వచ్చే బాధ వేరు: నీరు లోపలికి చొరబడి ఉబ్బిపోతుంది. సముద్రానికి పోటు, పాటు అంటాం కదండీ. ఉప్పు పోటు, ఉప్పు పాటు అంటే మా చెరువుల దగ్గర ఎవరికైనా తెలుస్తుంది.

జవాబు, కాకినాడ నుంచి:
విడి పేర్లు బాగున్నాయి గానీ ఉమ్మడి మాట కూడా కావాలండి. పోషకాలు అయిపోయినా, ఉప్పు పెరిగినా, ఆమ్లం తగిలినా ఈ.కోలైలో పెరిగేది సిగ్మా ఎస్ అనే మరో సిగ్మా ప్రోటీన్. వందల జన్యువులు దాని చేతిలో ఉన్నాయి. బాగా పెరిగే రోజుల్లో బాక్టీరియా దాన్ని తయారుచేస్తూనే ముక్కలు చేసేస్తుంది, కష్టం రాగానే ఆ ముక్కలు చేయడం ఆపేస్తుంది. కొత్తగా తయారయ్యేదాకా ఆగక్కర్లేదు. దీన్ని ఏ ఒక్క దెబ్బ పేరుతోనూ పిలవలేం. ‘గడ్డుకాలం’ అనకూడదా?

అమలాపురం:
గడ్డుకాలం, పోటు, పాటు మూడూ తీసుకుంటున్నానండి. వ్యక్తీకరణ మాత్రం అలాగే ఉంచుతాను, పిల్లలకు అలవాటైంది. పాఠంలో మొదటి వాక్యం ఇలా మారుస్తున్నాను: ‘గడ్డుకాలంలో బాక్టీరియా ఏ జన్యువులను నడపాలో, వేటిని ఆపాలో సిగ్మా ప్రోటీన్లను మార్చుకుని తేల్చుకుంటుంది.’ ‘తేల్చుకుంటుంది’ అంటే దానికి బుద్ధి ఉందని పిల్లలు అనుకుంటారేమో, అంతకంటే మంచి క్రియ ఉంటే చెప్పండి.