సూజౌలో ఒక్క రోజే ఉంటే ఏ తోట చూడాలి?

ప్రశ్న: షాంఘై నుంచి సూజౌకి ఒక్క రోజు వెళ్తున్నాం. జువోజెంగ్ యువాన్, వాంగ్‌షీ యువాన్ తోటలు రెండూ కుదురుతాయా? లోపల దేన్ని గమనించాలి?

జవాబు 1: కుదురుతాయండి. జువోజెంగ్ సుమారు 5 హెక్టార్లు. పొద్దున తెరవగానే వెళ్ళిపోండి, ఆలస్యమైతే టూరు బృందాల రద్దీలో ఏమీ చూడలేరు. టికెట్టు పాస్‌పోర్టు నంబరుతో ముందే బుక్ చేసుకోండి, పాస్‌పోర్టు వెంటే ఉంచుకోండి. తూర్పు భాగంలో ఆగకుండా నేరుగా మధ్య భాగానికి నడవండి. అక్కడ చెరువు తూర్పు కొసన నిలబడి పడమటికి చూస్తే నీళ్ల వెనక ఒక పగోడా కనిపిస్తుంది. అది తోటలోది కాదు, ఊళ్లో సుమారు కిలోమీటరు అవతల ఉన్న బేయిసి పగోడా! బయటి దృశ్యాన్ని తోటలోకి అరువు తెచ్చుకోవడమంటే ఇదే. తామరలు కావాలంటే వేసవిలో, ఉదయం పూట.

జవాబు 2: ఒక్కటే చూడగలిగితే నా ఓటు వాంగ్‌షీకే. అర హెక్టారుకు అటూ ఇటూ, అయినా ఇరుకనిపించదు. చెరువు మధ్యలో ఏమీ కట్టలేదు. మూలల్లో నీటిని రాళ్ల సందుల్లోకి సన్నగా పోనిచ్చారు, అందుకే చివరెక్కడో కంటికి అందదు. ఆగ్నేయ మూలన రాతి వంతెన నాలుగడుగుల్లో దాటేయొచ్చు. వంతెన అంత చిన్నదిగా ఉండబట్టే పక్కనున్న నీళ్లు విశాలంగా తోస్తాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని ఆస్టర్ కోర్ట్‌కి ఇక్కడి ఒక పెరడే నమూనా.

జవాబు 3: రాళ్ల మీద ఆసక్తి ఉంటే సూజౌలోనే ఉన్న ల్యూ యువాన్ తోటకి వెళ్ళండి. అక్కడి గ్వాన్‌యున్ అనే తైహు శిల ఎత్తు 6.5 మీటర్లు. తైహు రాయికి (తైహు సరస్సు దగ్గర దొరికే సున్నపురాయి) సన్నదనం, ముడతలు, అటు నుంచి ఇటు కనిపించే రంధ్రాలే అందం. వానపడితే గులకరాళ్ల బాటలు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి.